బొంతసూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కావ్యాలకి టీకలున్నాయి, శాస్త్రాలకి భాష్యాలున్నాయి. నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి కాళిదాసు, భారవి, మాఘుడు ముగ్గురికీ వ్యాఖ్యలు రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ కలం పట్టాడు. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ళవారి ముద్రణాలయం పుణ్యమా అని టీకా తాత్పర్యాలు మన ఇళ్ళ బీరువాల్లోకి కూడా వచ్చాయి. ఇంత జరిగినా మా అమ్మమ్మ రోజూ పలికే ఒక వాక్యాన్ని మాత్రం పండితులెవరూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సాహసం. మల్లినాథుడి మొదటి నియమం పాటిస్తాను. రెండోది నా వల్ల కాదు.

మూలం

"ఒరే, ఆ చీర పారెయ్యకండర్రా. బొంతకి పనికొస్తుంది."

ప్రతిపదార్థం

ఒరే = ఓ పెద్దకుమారుడా; ఆ = నీ భార్య చేతిలో ఉన్నటువంటి; చీర = అంచు బాగుండి నడుమ చివికిన నూలుచీరను; పారెయ్యకండి = పారవేయకుడు, మసిగుడ్డ చేయకుడు, సామాన్లవాడికి వేయకుడు; అర్రా = ఓ సమస్త సంతానమా; బొంతకి = బొంత కొరకు; పనికి వస్తుంది = ఉపయోగపడగలదు. (ఎప్పుడు అని అడగరాదు.)

తాత్పర్యం

చీర పారేయొద్దని. పరీక్షకి చదివేవాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు. మిగతాది తీరిక ఉన్నవాళ్ళకి.

టీక

"ఒరే" పుంలింగ ఏకవచనం. "పారెయ్యకండర్రా" బహువచనం. ఒక్క వాక్యంలో ఈ వచనభేదం ఏమిటని వైయాకరణులు కనుబొమలు ముడేస్తారు. జవాబు వ్యాకరణంలో లేదు, మా అమ్మమ్మగారి హాల్లో ఉంది. చీర పట్టుకున్నది పెద్దత్తయ్య. కోడల్ని మొహం మీద వద్దనడం అత్తగారికి మర్యాద కాదు, కొడుకుని ఎంతన్నా దోషం లేదు. కనక పిలుపు కొడుక్కి, నిషేధం కోడలికి. పెద్ద మావయ్య అప్పుడు మేడమీద ఫోను మాట్లాడుకుంటూ ఉన్నాడు కదా అంటారేమో, దానివల్ల వాక్యానికి వచ్చే లోపం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఈ వాక్యానికి అలాగే ఉపయోగపడుతున్నాడు.

"ఆ చీర" అన్నప్పుడు ప్రతి చీరా అని అర్థం కాదు. అపవాదాలున్నాయి. పట్టుచీర పనికిరాదు. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది. పైగా అసలైన జరీలో వెండి ఉంటుంది గనక దాని కోసం "పాత పట్టుచీరలు కొంటాం" అని కేకేసుకుంటూ వేరే మనిషి వస్తాడు. పాలియెస్టర్ చీర అసలే పనికిరాదు. చెమట పీల్చదు, సూది కింద జారిపోతుంది. అన్నిటినీ మించిన దోషం ఏమిటంటే అది చిరగదు. చిరగని చీరకి బొంతయోగం లేదు. ఉతికి ఆరేస్తే అరగంటలో ఆరిపోయే చీరలు ఇంటికొచ్చినప్పట్నుంచీ బొంతలు పల్చబడ్డాయని అమ్మమ్మ అభిప్రాయం. ఈ విషయంలో వ్యాఖ్యాత కూడా ఆవిడ పక్షమే.

ఇక పనికొచ్చేది నూలుచీర, అదీ బాగా కట్టి వదిలినది. బండారులంక నేతచీర కొత్తలో గంజిపెట్టి కడితే ఒంటికి అంటదు. ఏళ్ళ తరబడి చాకిరేవు చూసి, నానా ఎండల్లో ఆరి, అప్పటికి గానీ దాని పోగు మెత్తబడదు. పురిటిబిడ్డని కొత్తగుడ్డలో కాక పాత పంచెముక్క పొత్తిళ్ళలో పెట్టేది ఇందుకే. చిన్నపిన్ని ఒకసారి బొంత కోసమని కొత్త తాను కొనుక్కొస్తే అమ్మమ్మ దాన్ని వేళ్ళమధ్య నలిపి చూసి, "బానే ఉంది. పదేళ్ళు కట్టుకుని తీసుకురా" అంది.

చీరలో ఏ భాగం ఎక్కడ చివికిందో చూసి కట్టుకున్న మనిషి సంగతి చెప్పేస్తుంది ఆవిడ. పెద్దత్తయ్య చీరల చెంగుకి సన్నసన్న నిప్పురవ్వల చిల్లులు, వేడిగిన్నెలు దించిన మరకలు. బడిలో పాఠాలు చెప్పే పిన్ని చీరలకి భుజం దగ్గర పిన్నీసు చిల్లులు, కుడివైపు సుద్దముక్క పొడి ఎన్ని ఉతుకులకీ పోని తెల్లని మసక. హైదరాబాద్ కోడలు పంపే పోచంపల్లి చీరలకి కూర్చునే చోట తప్ప ఎక్కడా చిరుగుండదు. "పాపం, రోజంతా ఆ కుర్చీలోనేనా?" అంటుంది అమ్మమ్మ. ఆవిడ సాఫ్ట్‌వేర్ గురించి అడిగిన ఏకైక ప్రశ్న ఇది.

"బొంత" అనగా బొంతకాకి కాదు, బొంత అరటి కాదు, బొంతపురుగు అసలే కాదు. "గంతకు తగ్గ బొంత" అన్న సామెత పట్టుకుని దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. వాళ్ళు తెలుసుకోవలసినవి రెండు మూడు ఉన్నాయి. సంస్కృతంలో దీని పేరు కంథ, సన్యాసుల ఆస్తి. వంగదేశంలో ఇదే కాంథా అయి ఇప్పుడు పెద్ద పెద్ద దుకాణాల్లో గాజుతలుపుల వెనక వేలాడుతోంది. మగధలో గట్లతో విడిపోయిన వరిమళ్ళని చూపించి, అలా ముక్కలు ముక్కలుగా చీవరాలు కుట్టించగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడనీ, ఆనందుడు కుట్టించి చూపించాడనీ వినయపిటకంలో ఉంది. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి ఆ నమూనా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, బస్సు కిటికీలోంచి చూస్తే చాలు. పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కవండి అనే బొంత కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి పోతారు. చివర నాలుగు మూలలా ముక్కోణపు గుడ్డలు అతికితేనే పని పూర్తయినట్టు. మా అమ్మమ్మకి నాలుగు మూలల నియమం లేదు. ఒక్క మూలన మాత్రం ఎర్రముక్క వేస్తుంది, అది తలవైపు అని గుర్తు. కాళ్ళమీద కప్పుకున్న వైపు ముఖానికి రాకూడదు గదా.

క్రియావిధి

ముందు గుడ్డలన్నీ వేణ్ణీళ్ళలో నానేసి గంజి వాసన పోయేదాకా ఉతకాలి. అంచులు వేరు చెయ్యాలి. అవి కత్తిరించకూడదు, చింపాలి. నూలుగుడ్డ పోగు వెంట తిన్నగా చిరుగుతుంది, కత్తెర వంకరపోతుంది. హాలు ఊడ్చి, తుడిచి, ఉన్నవాటిలో గట్టి చీర అడుగున పరుస్తారు. ముడతలు పడకుండా మూలల మీద బరువులు పెడతారు: రుబ్బురోలు పొత్రం, ఇత్తడి బిందె, పాత ఇస్త్రీపెట్టె. నాలుగో మూలకి ఎవరో ఒక మనవడు.

ఆ తరవాతే అసలు విద్య. మధ్యపొరలో వేసే ముక్కలన్నీ చిల్లులవే. ఒకదాని చిల్లు మీదికి ఇంకోదాని నిండుభాగం రావాలి. పిన్ని చీర భుజం చిరుగు మీదికి అత్తయ్య చీర నడుము, కుర్చీ కోడలి చిరుగు మీదికి పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు. అమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, అరచేత్తో నిమిరి చూస్తుంది. ఎక్కడ పల్చగా తగిలితే అక్కడ ఇంకో ముక్క. కంటితో చూసేదానికన్నా చేత్తో చూసేదే ఎక్కువ. పైన మళ్ళీ నిండుచీర కప్పి, పొడుగాటి కుట్లతో బిగించి, అప్పుడు వేలెడు దూరానికొక వరస చొప్పున కుట్టుకుంటూ, బొంత మీదే కూర్చుని వెనక్కి జరుగుతూ పోతుంది. మావయ్య అంగుస్తాను కొనిచ్చాడు. అది దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన ఉంది. వేలికి పేలిక చుట్టుకోవడమే ఆవిడ పద్ధతి.

కంటిచూపు తగ్గాక దారం ఎక్కించే పని పిల్లలకి పడింది. ఆటకి వెళ్ళేవాళ్ళు సూదులన్నిట్లోనూ దారం ఎక్కించి దిండుకి గుచ్చి మరీ వెళ్ళాలి. మా ఇంట్లో క్రికెట్‌కి టాసు కన్నా ముందు జరిగేది ఇదే.

"అర్రా"

సూత్రంలో అన్నిటికన్నా చిన్న మాట ఇది. నిజానికి బరువంతా దీనిమీదే ఉందని వ్యాఖ్యాత సిద్ధాంతం. ఎలాగంటే, బొంత వెడల్పుని అమ్మమ్మ గజాల్లో చెప్పదు, మీటర్లలో అసలే చెప్పదు. "నలుగురి బొంత", "ఆరుగురి బొంత" అంటుంది. ఆరుగురి బొంతంటే వేసవి సెలవుల్లో మేడమీద ఆరుగురు పిల్లలు వరసగా పడుకోగలిగినది. ఎవరు అంచుకి, ఎవరు గోడవైపు, అమ్మమ్మ పక్క ఎవరిదీ అన్నది ప్రతి రాత్రీ కొత్తగా తేలాల్సిన వ్యాజ్యం. పక్క తడిపేవాడి మీద మాత్రం తీర్పు ముందే ఉండేది, వాడికి వేరే చిన్నబొంత.

కుట్టడం కూడా ఒక్కరి పని కాదు. బొంత పరిచారంటే నాలుగువైపులా నలుగురాడవాళ్ళు సూదులు పట్టుకుని చేరతారు. సూది కోసం సోదికెళితే ఏం బయటపడ్డాయో సామెత చెబుతుంది. ఇక్కడ సూదులు చేతుల్లోనే ఉంటాయి గనక సోది దానంతటదే వస్తుంది. "ఇది అక్క సీమంతానికి పెట్టిన చీర కదమ్మా?" అని ఒకరంటారు. "ఆఁ, ఆవేళే మీ బావగారు వడ్డన దగ్గర అలిగి లేచిపోయింది" అని ఇంకొకరు. ముప్పై ఏళ్ళ కిందటి అలక కొత్తదారంతో మళ్ళీ బిగుసుకుంటుంది. బొంత పరుస్తున్నారన్న కబురు తెలియగానే పెదనాన్న చేలోకి ఎందుకు వెళ్ళిపోతాడో వేరే టీక అవసరం లేదు.

ధ్వని

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. చెప్పిన మాట వెనక చెప్పకుండా వినిపించేది అది. బొంతకి పైపొర వాచ్యం. మరి వ్యంగ్యం ఎక్కడుందంటే, మధ్యపొరలో.

తాతగారు పోయాక ఆయన బట్టలన్నీ పంచేశారు. పొందూరు ఖద్దరు పంచె ఒకటి మాత్రం లెక్కకి రాలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని నేనోసారి నోరుజారి అమ్మమ్మతో అన్నాను. జీవితమంతా మడికట్టుకున్న మనిషి కాసేపు నా వంక చూసి, "చేప దవడా? మీ తాతకి తెలుసా?" అంది. తెలుసో లేదో నాకు తెలియదన్నాను. "పోనీలే, ఎన్ని ఉతుకులు పడిందో" అని కుట్టు మళ్ళీ మొదలుపెట్టింది. పంచె ఎక్కడుందో అప్పుడు నాకు బోధపడింది. ఆరుగురి బొంతలో ఏ పక్కనో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ సంగతి అమెరికాలో ఉన్న మనవరాలితో అంటే అది వీడియో కాల్‌లో ఒక బొమ్మ చూపించింది. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని నల్లవాళ్ళ పల్లె. అక్కడ మిసోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో భర్త పోయాక ఆయన పొలంబట్టలతోనే బొంత కుట్టుకుని కప్పుకుంది. ఆ పల్లె బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి పెట్టారు, 2006లో తపాలాబిళ్ళలు కూడా వేశారు. అమ్మమ్మ ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "అది జీను గుడ్డే! అందులోకి సూది ఎలా దింపిందమ్మా మహాతల్లి" అంది. మ్యూజియం సంగతి, తపాలాబిళ్ళ సంగతి ఆవిడ వినిపించుకోలేదు. వేళ్ళ సంగతి మళ్ళీ మళ్ళీ అడిగింది.

పూర్వపక్షం

చిన్న మావయ్య ఇలా ఆక్షేపిస్తాడు: బజార్లో ఒకటి కొంటే ఒకటి ఉచితంగా దుప్పట్లు వస్తున్నాయి, మిషన్లో పడేస్తే ఉతికేస్తుంది. ఈ బొంత తడిస్తే ఎత్తడానికి ఇద్దరు కావాలి, చెరో చివరా పట్టుకుని మెలిపెట్టి పిండాలి, రెండెండలు కాస్తే గాని ఆరదు. ఎందుకిది?

ఆక్షేపణలో చెప్పినవన్నీ నిజమే. ఇద్దరు కావాలి. ఇంట్లో ఇద్దరున్నంత కాలం అది దోషం ఎలా అవుతుందన్నదే మా పక్షం.

అమెరికా మనవరాలికి బొంత పంపేటప్పుడు మరో చిక్కు విమానంలో వచ్చింది. ఒక్కో పెట్టెకి ఇరవై మూడు కిలోలే హద్దు. నలుగురి బొంత పెడితే ఆవకాయకి చోటు లేదు, ఆవకాయ పెడితే బొంతకి బరువు లేదు. చర్చ రెండు రోజులు నడిచింది. చివరికి అమ్మమ్మ నలుగురి బొంత తీసేసి ఇద్దరి బొంత పెట్టి, ఆవకాయ సీసాని అందులోనే చుట్టింది. సీసా పగల్లేదు గాని నూనె కాస్త ఊరింది. ఆ మరక వదిలించనని మనవరాలు అంటోంది. "ఆ ఊళ్ళో కుంకుడుకాయలు దొరకవా?" అని అమ్మమ్మ బెంగ.

భోగిమంటలో పాతవన్నీ వెయ్యాలంటారు కదా అంటే, ఆ శాస్త్రం చెక్కకే గాని గుడ్డకి కాదని ఆవిడ నిర్ణయం. దానిమీద పునర్విచారణ లేదు.

పాఠాంతరం

మా నాయనమ్మ శాఖవారి ప్రతిలో "బొంతకి" అన్నచోట "స్టీలుగిన్నెకి" అని ఉంది. పాతబట్టలకి స్టీలుసామాన్లిచ్చే మనిషి వాళ్ళ వీధిలోకి వారం వారం వస్తాడు. నాయనమ్మ అటక నిండా గిన్నెలున్నాయి, ఒక్క బొంత లేదు. ఇది లేఖకదోషమనీ, అర్వాచీన ప్రక్షిప్తమనీ మా అమ్మమ్మ శాఖవారు గట్టిగా వాదిస్తారు. వ్యాఖ్యాతకీ అలాగే అనిపించేది. కాకపోతే మొన్న సంక్రాంతికి అరిసెల పాకానికి పెద్దగిన్నె కావలసివచ్చి, రెండు శాఖలవారూ ఆ గిన్నె చుట్టూనే చేరారు గనక ఈ పాఠం మీద ఇంతకన్నా రాయడం క్షేమం కాదు.