షోరూం సొంతం, చిరునామా పరాయి జాగీరు

1947లో చుట్టూ కృష్ణా జిల్లా, నడుమ నిజాం ఏలుబడి. అలాంటి పరిటాల అనే ఊరు నిజాంను కాదని ఏకంగా రిపబ్లిక్ ప్రకటించుకుంది. ఆ గడ్డ మీదే ఈవాళ హైవే పక్కన లక్షలు పోసి వెలిగించిన బోర్డుల అడుగున చూడండి: ఓనరు పేరు, పక్కన 1234, ఆపైన ఎట్ జీమెయిల్ డాట్ కామ్. మళ్లీ జాగీరే, కాకపోతే కాలిఫోర్నియాది!

డబ్బు కట్టి మెయిల్ తీసుకోవయ్యా అంటే మనవాడి మొదటి ప్రశ్న, “ఎన్ని జీబీలు?” ఉచితంగా ఇచ్చిన 15 జీబీని ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ ఎప్పుడో మింగేశాయి మరి. అడగాల్సినవి వేరు. ఎట్ తర్వాత మన సొంత డొమైన్ పెట్టుకోనిస్తారా? పాత మెయిళ్లన్నీ మూటగట్టుకుని పోనిస్తారా? ఖాతాకు తాళం పడితే ఫోనెత్తే మనిషున్నాడా? కేంద్రం 12 లక్షల మంది ఉద్యోగుల మెయిల్‌ను జోహో అనే దేశీ కంపెనీకి మార్చింది. చిరునామా చివరి గవ్ డాట్ ఇన్ మాత్రం కదల్లేదు. సొంత డొమైన్ కిటుకంతా అక్కడే ఉంది.

రహస్యం కావాలని స్విట్జర్లాండ్ వారి ప్రోటాన్ మెయిల్ కొన్న మేధావులూ ఉన్నారు. అవతలివాడు జీమెయిల్‌లో ఉంటే మామూలుగా పంపిన ఉత్తరం కాపీ అక్కడ భేషుగ్గా కూర్చుంటుంది. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

ఫ్యాన్సీ నంబరు కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు పాడినవాడే డొమైన్‌కు ఏడాదికి వెయ్యా అని గుండెలు బాదుకుంటాడు. మెయిల్ పాస్‌వర్డ్ ఏమిటంటారా? జిరాక్సు షాపు కుర్రాణ్ని అడగండి, వాడికే తెలుసు.