రెండు ఫైళ్ళ కాపురం

మస్కట్‌లో తెలుగువాణ్ణి అడ్రస్ అడిగితే రెండు చెప్తాడు. మొదటిది ఉత్తరాలకు. పోస్టు బాక్సు నంబరు, దాని పక్కన పోస్టల్ కోడ్: 112 అయితే రూవీ, 117 అయితే వాదీ కబీర్, 133 అయితే అల్ ఖువైర్. ఆ బాక్సు కంపెనీది. మేనేజరు, అకౌంటెంటు, ఫోర్‌మన్, టీ బాయ్, నేను, కాగితం ప్రకారం అందరం ఆ చిన్న రేకు పెట్టెలోనే కాపురం. రెండోది మనుషులకు: "హమ్రియా రౌండబౌట్ కాడ కుడికి మర్లు, బేకరీ దాటినంక ఫార్మసీ ఉంటది, దాని మీద మూడో అంతస్తు. లిఫ్టు నడ్వది." ఈ రెండో అడ్రస్‌కు చుట్టాలు, ఇస్త్రీ అబ్బాయి, చిట్టీ డబ్బులు అడిగేవాళ్ళు తిన్నగా వస్తారు. ఆఫీసులు మాత్రం నమ్మవు.

ఇంటి అగ్రిమెంటు చూపిద్దామంటే దాని మీద బలదియా, అంటే మునిసిపాలిటీ, ముద్ర ఉండాలి. ముద్ర ఉన్న అగ్రిమెంటు మొత్తం ఫ్లాటు అద్దెకు తీసుకున్నాయన పేరు మీద ఉంటుంది, మేం ఆయన దగ్గర ఒక బెడ్‌రూమ్ షేరింగు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద, అదీ అరబ్బీలో. ఒకసారి ఏదో ఫారం నింపుతూ ఉంటే మా ఆవిడ వెనకనుంచి తొంగి చూసి, "ఇంతకీ మనం ఈ దేశంల ఉన్నట్టా, లేనట్టా?" అంది. బతాకా, అంటే రెసిడెంటు కార్డు, తీసి చూపించాను. అందులో గడువు తేదీ చూసి, "ఉన్నం, కానీ గప్పటిదాకనే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్లల బడి కోసం దొంగ అడ్రస్ పెట్టడం లోకమంతా ఉన్నదే. అమెరికాలో ఓహైయో రాష్ట్రం యాక్రన్‌లో ఒక తల్లి తన తండ్రి ఇంటి అడ్రస్‌తో కూతుళ్ళను మంచి బడిలో వేసినందుకు 2011లో తొమ్మిది రోజులు జైల్లో ఉండాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో పూల్ అనే ఊరి కౌన్సిల్ 2008లో ఒక కుటుంబం నిజంగా ఆ బడి పరిధిలోనే ఉంటోందా అని తేల్చడానికి మనుషుల్ని పెట్టి వెంబడించింది, రెండేళ్ళకు ట్రైబ్యునల్ అది తప్పని తేల్చింది. ఊహించుకోండి: అమ్మ పిల్లల్ని బండి ఎక్కిస్తుంటే, సందు చివర ఒక సర్కారు ఉద్యోగి నోట్‌బుక్కులో టైము రాసుకోవడం. మన దగ్గర ఆ డ్యూటీకి జీతం దండుగ, ఎదురింటి పెద్దమ్మ ఉచితంగా చేస్తుంది.

ఒమాన్‌లో మాత్రం మన ప్రతిభకు పని లేకుండా పోయింది. ఇక్కడి సర్కారు బడుల్లో చదువు అరబ్బీలో. కాబట్టి మనలాంటివాళ్ళకు సర్కారు బడి అంటే ఇండియన్ స్కూలే. 1975లో మొదలైన ఇండియన్ స్కూల్ మస్కట్ నుంచి ఇప్పటిదాకా దేశమంతా కలిపి ఇరవై పైచిలుకు ఉన్నాయి. మస్కట్ చుట్టుపక్కల ఉన్నవాటికి కలిపి ఆన్‌లైన్‌లో దరఖాస్తు, పిల్లకు రెసిడెంటు వీసా ఉండాలి, పేర్లు ఎక్కువైతే డ్రా. గల్ఫ్‌లో ఏ పనికైనా వాస్తా, అంటే పలుకుబడి, ఉంటే అయిపోతుందంటారు. కంప్యూటరుతో వాస్తా ఎవరికుంటుంది? మా కింది ఫ్లాటాయన దర్సేత్ బడికి దగ్గరవుతుందని ముందే ఇల్లు మారి, అద్దె ఎక్కువ కట్టి, బాల్కనీలోంచి బడి గంట వినబడుతోందని అందరికీ చెప్పుకున్నాడు. డ్రాలో వాళ్ళబ్బాయికి మాబేలా వైపు బడి వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే ఆ గంట వినకుండా బాల్కనీ తలుపు వేసుకుని పిల్లాణ్ణి వ్యాన్ ఎక్కిస్తున్నాడు.

ఇలా కేజీ దగ్గర చేతులు కట్టేసినట్టయిన మన తెలివంతా పదేళ్ళు నిలవ ఉండి, పిల్లలు తొమ్మిదో తరగతికి రాగానే స్వదేశం మీద పడుతుంది.

స్వదేశంలో దీనికి పాత సంప్రదాయం ఉంది. 1971లో ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పల్లె పిల్లల కోసం గురుకులం పెట్టించాడు. తర్వాత కేంద్రంలో ఆయన మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడే నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఆరో తరగతిలో 80 సీట్లు, వాటిలో కనీసం ముప్పాతిక వంతు పల్లె పిల్లలకు. అంతే, మా జగిత్యాల వైపు పల్లె బడుల హాజరుపట్టీల్లో ఎన్నడూ చూడని పేర్లు మొలిచాయి. పిల్లవాడు కరీంనగర్‌లో కోచింగుకు పోతుంటాడు, మా ఊరి బడిలో సారు అతని పేరు పిలిచి, ఆయనే "హాజర్" అనుకుంటాడు. వాళ్ళు చొప్పదండి నవోదయకు పోయారు. మా బడిలో నిజంగా కూర్చున్న మేము అక్కడే కూర్చున్నాం.

ఇప్పుడు గల్ఫ్ తండ్రి కష్టం వినండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికుడంటే ఆ ప్రాంతంలో పుట్టినవాడు కాదు, అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవాడు. తెలంగాణలో మెడికల్ సీట్లకు ఇదే సంగతిని 2024 జులైలో 33వ నంబరు జీవో మళ్ళీ గట్టిగా చెప్పింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సరేనంది. అంటే తాత ముత్తాతల సమాధులు జగిత్యాలలో ఉన్నా, పిల్ల ఒమాన్‌లోని సోహార్‌లో చదివితే నాన్‌లోకల్. అందుకే ఇక్కడ పిల్ల తొమ్మిదిలోకి రాగానే తల్లీబిడ్డా హైదరాబాద్ విమానం ఎక్కుతారు, తండ్రి పప్పుచారు నేర్చుకుంటాడు. అలాంటివాళ్ళను ఇక్కడ ఫోర్స్‌డ్ బ్యాచిలర్ అంటారు. వయసు నలభై ఎనిమిది, షుగరు ఉంది, బ్యాచిలర్.

మా సడ్డకుడికి ఆ బ్యాచిలరు బతుకు ఇష్టం లేదు. బిడ్డను సోహార్‌లోనే ఉంచి, పదో తరగతి అయినంక హైదరాబాదులో ఇంటర్ చేర్పించి, తక్కువపడ్డ రెండేళ్ళకూ మనవైపు ఒక చిన్న ప్రైవేటు బడినుంచి బోనఫైడ్ తెప్పించాడు. ఆ కాగితం నేను చూశాను. చాలా అందంగా ఉంది. పిల్ల హాజరు బాగుంది. ప్రవర్తన "సంతృప్తికరం" అని రాశారు, రాని పిల్ల ప్రవర్తన మీద ఎవరికి మాత్రం ఫిర్యాదు ఉంటుంది? పుట్టుమచ్చల గడి నింపడానికి ఆ బడి గుమాస్తా సోహార్‌కు వాట్సాప్ కాల్ చేశాడట: "సార్, పాపకు మచ్చలు ఏడున్నయి? రెండు గావాలె." ఒకటే దొరికింది. రెండోది మోకాలి మీద సైకిల్ దెబ్బ.

ఒక ఫైలు అది: మేం ఇక్కడే ఉన్నాం. రెండో ఫైలు ఎన్‌ఐటీల కోసం. విదేశాల్లోని విద్యార్థులకు నేరుగా సీట్లిచ్చే డాసా పథకం కింద గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు వేరే కోటా ఉంది, ఫీజు కూడా ఇండియాలో వాళ్ళకున్నంతే. దానికి తండ్రి ఒమాన్‌లో ఉద్యోగం చేస్తున్నట్టు రుజువులు కావాలి: బతాకా, కంపెనీ లెటరు, వీసా పేజీ. అంటే, మేం అక్కడే ఉన్నాం. ఒకటి నీలం ఫైలు, ఒకటి ఎర్రది. ఏ కౌంటరు దగ్గర ఏది తీయాలో గుర్తుండడానికి ఎర్రదాని మీద ఖర్జూరం చెట్టు బొమ్మ అతికించాడు.

"అన్నా, జర సూడు, ఏమన్న తక్కువున్నదా?" అని నా ముందు రెండూ పరిచాడు. నేను నోరు తెరవకముందే ఆ పిల్ల అంది: "పెద్దనాన్నా, ఈ బోనఫైడ్ ప్రకారం నేను టెన్త్ జగిత్యాలలో చదివిన. మరి ఈ సీబీఎస్ఈ మార్కుల మెమో మీద సోహార్ బడి పేరు ఉంది. అక్కడ పరీక్ష రాసిందెవరు?"

సడ్డకుడు మెమో తీసి చూశాడు, బోనఫైడ్ తీసి చూశాడు, తర్వాత పిల్లను చూశాడు. ఇంత తెలివైన పిల్లకు సీటు రాకపోతే ఎలా అన్నదే ఆయన మొహంలో కనబడింది.

ఇక మిగిలింది ఆ 15 శాతం అన్‌రిజర్వుడు. ఇంజనీరింగుకు అందులో తల్లిగాని తండ్రిగాని రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు ఉన్నా చాలు. బయట ఉద్యోగం చేసిన కాలం మాత్రం ఆ పదేళ్ళలోకి రాదు. మా సడ్డకుడు పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుంది అక్కడే. ఇరవై ఆరేళ్ళ వయసు దాకా ఊరు దాటింది వేములవాడ మొక్కులకే. ఇది నిఖార్సైన నిజం కాబట్టి దీనికి రుజువు దొరకలేదు. రేషన్ కార్డులో పేరు కొట్టేశారు, ఓటు తీసేశారు, పాత ఇల్లు తమ్ముడి పేరు మీద ఉంది. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఆఫీసుకు పోతే, "ఇక్కడ ఉన్నట్టు ఆధారం ఏంది?" అన్నారు. వాళ్ళమ్మ కూడా వెంట వచ్చింది. "నేను కన్న సార్" అంది. అది ఆధారాల జాబితాలో లేదట. దొంగ బోనఫైడు వారం రోజుల్లో కొరియర్‌లో వచ్చింది. ఈ నిజం సర్టిఫికెట్టు కౌన్సెలింగ్ అయిపోయినా రాలేదు.

ఎర్ర ఫైలు కూడా పని చేయలేదు, ర్యాంకు చాలలేదు. చివరికి పిల్ల తమిళనాడులో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో చేరింది. మా సడ్డకుడు అలవాటు కొద్దీ రెండు ఫైళ్ళూ సంకలో పెట్టుకుపోయాడు. అడ్మిషన్ కౌంటరు అబ్బాయి ఏదీ తెరవలేదు, లోకల్ అని అడగలేదు, నాన్‌లోకల్ అని అడగలేదు. ఫీజు ఏ బ్యాంకు నుంచి పంపిస్తారో అది ఒక్కటీ అడిగాడు.