పైలట్ బాబాయి

పిల్లల్ని అమెరికా పంపిన ప్రతి వీధిలోనూ ఒక పైలట్ బాబాయి ఉంటాడు. విమానం సంగతి అటుంచి, స్కూటర్ని కూడా ఇరవై దాటించడు. కానీ లండన్ నుంచి న్యూయార్క్‌కి ఎంతని నిద్రలో లేపి అడిగినా 5,540 కిలోమీటర్లని ఠక్కున చెబుతాడు.

మా కూకట్‌పల్లి బాబాయి, అమ్మాయి లండన్‌లో విమానం మారిందని తెలియగానే చార్జర్‌తో సహా సోఫాలో బైఠాయిస్తాడు. యాప్‌లో బొమ్మ విమానం కాస్త కదిలిందో లేదో, వంటింట్లోకి కేక: "ఏమేవ్, ఐర్లాండ్ దాటారు!"

"దాటనివ్వండి. కుక్కర్ ఎన్ని కూతలేసిందో చెప్పండి ముందు," అంటుంది పిన్ని. అది మాత్రం ఆయన లెక్కపెట్టడు.

"మ్యాపులో తిన్నగా పోక, అలా పైకి పోయిందేంటి?" అని ఎవరైనా అడిగారా, అయిపోయారే. పూజకు తెచ్చిన బత్తాయి, పూలు కట్టే దారం, రెండు గుండుసూదులు వస్తాయి. లండన్‌లో ఒక సూది, న్యూయార్క్‌లో ఒకటి గుచ్చి దారం బిగలాగితే, అది దానంతటదే న్యూఫౌండ్‌లాండ్ మీదుగా సర్దుకుంటుంది. "భూమి గుండ్రం కదా! కాగితం మీద వంకరగా కనబడేదే దగ్గరి దారి." ఆ బత్తాయి ఇక దేవుడికి పనికిరాదు.

అసలు పురాణం గాలి దగ్గర మొదలు. పోయేటప్పుడు సుమారు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడుకి అటూ ఇటూ. దూరం ఒకటే కదా అన్నామా, జెట్ స్ట్రీమ్ మన మీదే వీస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి కొట్టే గాలి అది. ఎదురైతే ఆపుతుంది, వెనకైతే నెడుతుంది. 2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి తుఫాను గాలి అండతో న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరిన కథ చెప్పేటప్పుడు, తానే తోలినంత వినయంగా తల వంచుకుంటాడు. 1996లో కాంకార్డ్‌కి మూడు గంటలు కూడా పట్టలేదుగా అంటే మాత్రం, "దాని లెక్క వేరు" అని విసుక్కుంటాడు. పైలట్ బాబాయిలకు రికార్డు ఒకటే ఉండాలి.

ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మాట ఎత్తనే కూడదు. 2016లో ఎయిరిండియా అట్లాంటిక్ మానేసి పసిఫిక్ దారి పట్టింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది, టైము రెండు గంటల దాకా తగ్గింది. ఈ ముక్క చెప్పి ఒక పెళ్లిలో మగపెళ్లివారి బంతి మొత్తాన్నీ సాంబారు దగ్గరే ఆపేశాడు.

మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, దిగాం."

"తెలుసు. పదకొండు నిమిషాలైంది. తలుపు తియ్యడానికి ఇంతసేపా?"

ఈలోగా మా వాడి ప్రయాణం వచ్చింది. విమానం రాత్రి రెండింటికి. "బాబాయ్, ఇక్కణ్ణుంచి శంషాబాద్‌కి ఎంతసేపు పడుతుందంటారు?" అనడిగాను. ఆయన ఫోన్ చూశాడు, కిటికీలోంచి రోడ్డు చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు.

"సముద్రం మీద గాలి చెప్పగలను గానీ, గచ్చిబౌలి చెప్పలేనబ్బాయ్. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరండి."