పంచనామాకు రాని డిటెక్టివులు

బాసర దగ్గర గోదావరిలో శవం తేలిందంటే చాలు, పోలీసు జీపు స్టార్టయ్యేలోపే కేసు కూడా తేలిపోతుంది. దర్యాప్తు అధికారులంతా చాయ్ హోటల్లోనే ఉంటారు.

"జారి పడుడు గాదన్నా. చెప్పులు చూసినవా? ఒడ్డుకు జతగ విడిచి ఉన్నయి. జారేటోడు చెప్పులు విడుస్తడా?"

"గదే నేనంటున్న! పెద్ద కతుంది దీంట్ల."

యాత్రికులు స్నానానికి దిగే ఘాటులో చెప్పులు ఒడ్డునే విడుస్తారు కదా అని అడిగేవాడు ఆ హోటల్లోకి రాడు. వచ్చినా వాడికి కుర్చీ దొరకదు. సాయంత్రానికి ఫోన్లలో వీడియో దిగుతుంది. ఎర్రటి సున్నా, పక్కన బాణం గుర్తు, "ఆ రాత్రి ఘాటు దగ్గర ఏం జరిగింది?" అనే శీర్షిక. సాక్ష్యమంతా ఆ ప్రశ్నార్థకంలోనే ఉంది. రేపు ఎవరైనా నిలదీస్తే "మేం అడిగినం అంతే" అని తప్పుకునే దారీ అదే. వ్యాసుడంతటివాడికి అమ్మవారి విగ్రహాలకు మూడు చోట్ల మూడు పిడికిళ్ల ఇసుక పట్టిందని స్థలపురాణం. మనవాళ్లకు ఒక్క పిడికెడు చాలు, హంతకుడు తయారు.

దీనికి సినిమాలను తిట్టడం అన్యాయం. 1986లో 'చంటబ్బాయ్' సినిమాలో చిరంజీవి డిటెక్టివు వేషం కట్టినప్పుడు జంధ్యాల ఆ వేషాన్నే చూసి నవ్వించారు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరు డిటెక్టివు తన ఆఫీసుకు ఎఫ్‌బీఐ అని బోర్డు పెట్టుకుంటాడు. అసలు పేరు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. పట్టాల పక్కన శవాన్ని చూడబోయి తానే లాకప్పులో పడతాడు. 2024లో ఓటీటీకి వచ్చిన 'వికటకవి' సిరీస్‌లో ఉస్మానియా విద్యార్థి నల్లమల దాకా వెళ్లి తిప్పలు పడతాడు. ఈ ముగ్గురిలో ఎవరూ కుర్చీలోంచి లేవకుండా కేసు తేల్చలేదు. మనవాళ్లు తిప్పలు వదిలేసి క్లైమాక్సు ఒక్కటే నేర్చుకున్నారు.

గురువులు వేరే ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయిలో చనిపోతే, ఒక తెలుగు ఛానల్ రిపోర్టరు స్వయంగా స్నానాల తొట్టిలో పడుకుని దర్యాప్తు చేశాడు. ప్రమాదవశాత్తు మునిగి చనిపోయారని అక్కడి అధికారులు కేసు మూసేశారు. తొట్టి పరిశోధనలో తేలిందల్లా తొట్టిలో మనిషి పడతాడని.

విచిత్రమేమిటంటే, ఊరివాళ్లకు దర్యాప్తులో పాత్ర ఉండాలని చట్టమే అంటోంది. అనుమానాస్పద మరణమైతే ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు కనీసం ఇద్దరి ఎదుట శవ పంచనామా జరగాలి. పాత చట్టంలో 174వ సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 194. పంచులు చూడాల్సింది గాయాలు, చెప్పాల్సింది కంటికి కనబడింది, పెట్టాల్సింది సంతకం. ఊహలకు అందులో గడి లేదు. ఎస్సై వచ్చి "పంచులుగా ఇద్దరు రండి" అన్నాడో, డిటెక్టివులందరికీ ఒక్కసారే పొలం పనులు యాదికొస్తాయి. "కోర్టుల సుట్టు ఎవడు తిరుగుతడు సారూ?"

ఎక్కడెక్కడి పిల్లలనో తీసుకొచ్చి అక్షరాలు దిద్దించే ఊళ్లో, చూసింది చూసినట్టు రాసిన కాగితం కింద సంతకానికి ఇద్దరు దొరకరు. నిజం కోసం తెల్లవార్లూ గొంతు చించుకునేవాళ్లు ఆ నిజం కింద సొంత పేరు రాయడానికి ఎందుకు జంకుతారో, ఈ మిస్టరీ జోలికి మాత్రం ఏ వీడియో పోదు.