ముందు తలుపు వినండి

కారు కొనేటప్పుడు అందరూ బానెట్ ఎత్తి చూస్తారు. మీరు ముందు తలుపు వేసి వినండి. తెల్లవారుజామున, వీధిలో బండ్ల రొద మొదలుకాకముందే వెళ్లండి. అద్దాలన్నీ ఎత్తి, మూడు తలుపులు వేసి, నాలుగోదాన్ని జానెడు దూరం నుంచి తొయ్యండి. ఒక్క అద్దం దించి ఉన్నా లోపలి గాలి అటు పోయి తలుపు తేలిగ్గా పడుతుంది, అసలు గొంతు తెలియదు. సెకండ్ హ్యాండ్ బండయితే నాలుగింటినీ వరసగా వినండి. మూడు ఒకలా, ఒకటి వేరేలా పలికితే దాని రంగు కింద పుట్టీ ఉండొచ్చు. ఇంజన్ ఎంత బాగున్నా ఆ బండి వద్దు. ఇంజన్‌ని మెకానిక్ బాగుచేస్తాడు, ఆ చప్పుడు మాత్రం రోజూ వినాల్సింది మీరు.

బండి ఇప్పటికే కొనేసినవాళ్లు బెంగపడక్కర్లేదు. చిన్న కార్ల తలుపు పైరేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, వెనకంతా డొల్ల. అందుకే బిస్కెట్ డబ్బా మూత పడ్డట్టు ఠంగుమంటుంది. దీనికి మందు మృదంగం వాళ్లకు ఎప్పుడో తెలుసు. కచేరీకి ముందు ఎడమ మూతకు తడి రవ్వముద్ద అంటిస్తారు. ఆ బరువుకు తోలు నెమ్మదిగా ఊగి, శ్రుతి దిగి, గంభీరంగా మోగుతుంది. తలుపుకు ఆ పని చేసేది బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీటు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో వేయించాను. మేస్త్రీ డోర్ ప్యాడ్ ఊడదీసి, రేకుని స్పిరిట్ గుడ్డతో తుడిచి, షీటు పరిచి, దాని మీది గళ్లు చదునయ్యేదాకా చిన్న రోలర్‌తో అదిమాడు. అంటించని చోట వేలి కణుపుతో కొట్టాడు, ఠంగ్. అంటించిన చోట కొట్టాడు, దబ్. నేను పదిసార్లు కొట్టించుకుని విన్నాను.

పావు వంతు రేకు కప్పితే చాలావరకు మోత పోతుందని ఆయనే చెప్పాడు. అయినా మీరు అంచు నుంచి అంచుదాకా వేయించండి. రెండు మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు 3 కిలోల పైనే తూగుతుంది. మైలేజీ పిసరంత తగ్గితే తగ్గనివ్వండి. తలుపు అడుగున నీళ్లు కారే కన్నాలు మాత్రం మూయొద్దు. నీరు నిలిస్తే రేకు తుప్పు పడుతుంది, తుప్పు రేకు పలకదు.

ఠంగుమనడం పోయాక గలగల బయటపడుతుంది. అది లాకు కమ్మీలది. గుడ్డ టేపు చుట్టించండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోతే సిలికాన్ గ్రీజు రాయండి, కొబ్బరినూనె వద్దు. ఇక స్ట్రైకర్, అంటే తలుపు లాకు వచ్చి పట్టుకునే కొక్కెం. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, మరలు వదులుచేసి, వెంట్రుకవాసి లోపలికి జరిపించండి. తలుపు రబ్బరుని అదుముకుని కూర్చుంటుంది.

డబ్బు చాలకపోతే మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, ఏసీ గ్యాసు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. మే నెల చెమట తుడుచుకుంటే పోతుంది.

ఇంత చేశాక చుట్టాలొచ్చి ధడేల్మని విసిరేస్తారు. మొహమాటపడొద్దు. “మావయ్యా, మళ్లీ తీసి మెల్లగా వెయ్యండి” అని అడగండి. మా మావయ్య నొచ్చుకున్నారు. మూడోసారికి సరిగ్గా పడింది, దబ్. ఆయన హ్యాండిల్ మీద చెయ్యి తియ్యలేదు. నేను అడక్కుండానే ఇంకోసారి తీసి వేశారు.