ఉప్పు లేని నీళ్లకు ఉప్పు తీసే మిషను

ముంబైకి ఎన్ని కష్టాలున్నా నీళ్ల విషయంలో మాత్రం అదృష్టవంతురాలే. విహార్, తులసి, తాన్సా, మోదక్ సాగర్, భాత్సా, ఎగువ వైతరణ, మధ్య వైతరణ అనే ఏడు జలాశయాలు ఆ ఊరి దాహం తీరుస్తున్నాయి. పడమటి కనుమల దగ్గర కురిసిన వాన నల్లరాతి మీదుగా జారి తిన్నగా జలాశయంలో పడుతుంది. బోరునీళ్లలా భూమి పొరల్లో ఏళ్ల తరబడి నాని సున్నం, మెగ్నీషియం ఎక్కించుకునే తీరిక దానికి లేదు. అందుకే అక్కడి కుళాయి నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, సబ్బు ఊరికే నురగ కడుతుంది, గిన్నెల అడుగున తెల్లటి చెక్కు పేరుకోదు. లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, అదే టీడీఎస్, వంద మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఏమో 500 దాకా నిశ్చింతగా తాగమంటుంది. 2019 నవంబరులో కేంద్రం బయటపెట్టిన పరీక్షల్లో ముంబై కుళాయిల నుంచి తీసిన పది నమూనాలూ పాసయ్యాయి; ఢిల్లీలో తీసిన పదకొండూ తప్పాయి. మరి పాసైన ఊరి జనం ఏం చేయాలి? ఆ లవణాలను తీసేసే ఆర్‌ఓ మిషను కొనాలి. కొన్నారు, కొంటూనే ఉన్నారు.

కొనిపించే విద్య చూడముచ్చటైనది. సేల్స్ కుర్రాడు రెండు గాజు గ్లాసులు పెడతాడు, ఒకదానిలో కుళాయి నీళ్లు, ఇంకోదానిలో మిషను నీళ్లు. రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. నిమిషంలో కుళాయి నీళ్లు బురదరంగుకి తిరుగుతాయి, ఇంటావిడ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుముది. నీళ్లలో కాస్త లవణం ఉంటే కరెంటు పారుతుంది, పారితే కడ్డీ కరుగుతుంది, అంతే. రెండో గ్లాసులో కరెంటు పారే దారి లేదు కాబట్టి అది పతివ్రతలా నిలబడుతుంది. ఈ లెక్కన లోకంలోకెల్లా శ్రేష్ఠమైన తాగునీరు కారు బ్యాటరీలో పోసేది. ఇక జేబులోంచి తీసే టీడీఎస్ మీటరుకు నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో తప్ప ఇంకేమీ తెలియదు. కొబ్బరినీళ్లలో ముంచితే అంకె వేలల్లోకి ఎగబాకుతుంది. విరేచనాలతో పడకేసిన పిల్లాడి ప్రాణం నిలిపే ఓఆర్‌ఎస్‌లో ముంచితే ఇంకా పైకి పోతుంది. బకెట్ నీళ్లలో చెంచాడు మురుగు కలిపి ముంచితే మాత్రం దాదాపు పాత అంకే చూపిస్తుంది. కలరా సంగతి మీటరుకెందుకు? సున్నం, మెగ్నీషియం వల్ల వచ్చే నీటి కాఠిన్యానికి ఆరోగ్య కారణాలతో హద్దు గీయాల్సిన అవసరం ప్రపంచ ఆరోగ్య సంస్థకు కనిపించలేదు. ఆ సంస్థకు మన గుమ్మంలోకొచ్చిన కుర్రాడి డెమో చూసే భాగ్యం కలగలేదు కాబోలు.

‘అవన్నీ సరే, జలాశయం శుభ్రమైతే మా కుళాయి శుభ్రమవుతుందా? పైపులు పాతవి, మురుగుకాల్వల పక్కనుంచి వస్తాయి, నీళ్లు వదిలేది రోజుకు కొన్ని గంటలే’ అంటారా? ఇది మాత్రం తోసేయడానికి వీల్లేని మాట. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, చీలికల్లోంచి బయటి మురికి లోపలికి చొరబడుతుంది. ఆపైన అపార్ట్‌మెంటు ట్యాంకు ఉండనే ఉంది. దాని మూత ఎత్తి చూసిన ధీరులు సొసైటీకి ఒకరుంటే గొప్ప. కానీ ఈ జబ్బు క్రిములది, లవణాలది కాదు. క్రిములకు మందు క్లోరిన్. కుళాయి దాకా వచ్చిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. అనుమానముంటే మరగబెట్టొచ్చు, యూవీ దీపం పెట్టుకోవచ్చు. ఆర్‌ఓ కూడా క్రిముల్ని ఆపుతుంది, కాదనను. అయితే క్లోరిన్ తగిలితే దాని పొర పాడైపోతుంది కాబట్టి ముందే బొగ్గు ఫిల్టరు పెట్టి ఆ క్లోరిన్‌ను తీసేస్తారు. వడకట్టిన నీళ్లు ఆపైన మిషను తొట్టిలో క్లోరిన్ కాపలా లేకుండా గంటల తరబడి నిలవ ఉంటాయి. ఉన్న లవణాలు తీసేశాక ‘మినరల్స్ పోయాయి’ అని ఇంకో కాట్రిడ్జ్ తగిలించి మళ్లీ కలుపుతారు. కొన్నిటిలో అయితే వడకట్టిన నీళ్లలోకి లవణాలు తీయని నీళ్లనే కొంచెం వదిలే మర కూడా ఉంటుంది. తీసినందుకు ఒక బిల్లు, తిరిగి కలిపినందుకు ఇంకో బిల్లు.

ఆర్‌ఓ వద్దే వద్దని ఎవరూ అనడం లేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరునీళ్లే దిక్కయి ఎముకలు వంకర్లు పోయిన నల్లగొండ ఊళ్లలో ఆ మిషను దేవుడే అయింది. ముంబైలోనూ ట్యాంకర్ల మీదో బోర్ల మీదో బతికే భవనాలు పరీక్ష చేయించుకుని పెట్టుకోవచ్చు. కానీ నల్లగొండ నుంచి ఒకప్పుడు మిల్లు పనికి వలసవచ్చిన కుటుంబాలు, ముంబై వర్లిలో కుళాయి తిప్పగానే మెత్తటి నీళ్లు వస్తుంటే, సొంతూరి మందు ఇక్కడా మింగడమెందుకు? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో చెప్పిందీ ఇదే: టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓను నిషేధించాలి అని. అడ్వర్టయిజ్‌మెంట్లలో సినిమా తారలు మాత్రం చిరునవ్వులు ఆపలేదు.

‘నా డబ్బు, నా మిషను, మధ్యలో మీకేం నొప్పి?’ అనేది చివరి వాదన. డబ్బు మీదే, నీళ్లు మీవి కావు. మామూలు ఇంటి మిషను లీటరు నీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. అలా పారబోసేది అత్తసొమ్ము కూడా కాదు, షహాపూర్ సొమ్ము. ఠాణే జిల్లాలోని ఆ తాలూకాలోనే భాత్సా, తాన్సా డ్యాములున్నాయి. ముంబైకి పైపులు వెళ్లే ఆ తాలూకాలోనే ఎండాకాలం వస్తే గిరిజన పల్లెలకు ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్నారు.