ఎవరి వంతు వాళ్లదే

నేను తిరిగే వేగం నా చేతుల్లో లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలని నా నుదుట రాసి ఉన్న మాట నిజమే. ఆ రాతను నడిపించేది మాత్రం కరెంటు. నాది సింక్రోనస్ మోటారు. వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదు గాని, ఫ్రీక్వెన్సీ మారితే దాని వెంటే పోతుంది. 50 హెర్ట్‌జ్ వస్తే సరిగ్గా తిరుగుతాను, తగ్గితే నేనూ తగ్గుతాను. రికార్డు ప్లేయరు కొనుక్కున్న చాలామందికి ఈ సంగతి పట్టదు. మా విశ్వనాథంగారికి పట్టింది. ఆయన సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు.

1981లో నన్ను రాజమండ్రి దానవాయిపేటలోని ఈ ఇంటికి తెచ్చారు. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్డు ఎలా ఉండేదో కరెంటు శాఖలో పనిచేసినవాళ్లని అడగండి. లోడు పెరిగిందంటే ఫ్రీక్వెన్సీ 48.5 దాకా జారిపోయేది. అంటే నూటికి మూడు పాళ్లు నెమ్మది. సంగీతం లెక్కలో చెబితే శ్రుతి అర స్వరస్థానం దిగడం. బాలమురళి గొంతు కాస్త బరువెక్కేది, ద్రుతంలో ఉండాల్సిన తిల్లానా తీరిగ్గా నడిచేది. డ్యూటీ దిగి వచ్చిన విశ్వనాథంగారు పడక్కుర్చీలో వాలి, "ఇవాళ నలభై ఎనిమిదిన్నర మీద పాడుతున్నాడు" అనేవారు. ప్యానెల్ మీద మీటరు చూసి వచ్చిన మనిషి, ఇంటికొచ్చాక చెవితో అదే చదివేవారు.

నా పళ్లెం అంచున 180 చుక్కలుంటాయి. పాతరకం చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. వేగం సరిగా ఉంటే ఆ వెలుగులో చుక్కలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, గ్రిడ్డు దిగిన రోజున కూడా అవి నిలబడే ఉండేవి. ట్యూబులైటుకూ నాకూ కరెంటు ఒకటే కదా, ఇద్దరం కలిసే తప్పేవాళ్లం. బెల్టు జారితే చుక్కలు పట్టిస్తాయి, గ్రిడ్డు జారితే కాదు. అందరిళ్లలో ఎల్ఈడీ దీపాలు వచ్చినా మా గదిలో ఇంకా ఆ మిణుకు మిణుకు ట్యూబులైటే ఉందంటే కారణం ఈ చుక్కలే. ఆయన భార్య సావిత్రమ్మగారు దాన్ని తీయించాలని అడిగీ అడిగీ విసిగిపోయారు.

2003 జనవరి నుంచి దక్షిణాదిలో కరెంటు లెక్కలు ఫ్రీక్వెన్సీని బట్టి వేయడం మొదలైంది. ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు తన వాటా మించి లాక్కున్న రాష్ట్రం ఎక్కువ రేటు కట్టాలి. జేబుకు తగిలేసరికి అందరికీ క్రమశిక్షణ వచ్చింది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసింది. నిలకడగా తిరగగలిగే రోజులు వచ్చాయి. తీరా చూస్తే తిప్పేవాళ్లు లేరు. కేసెట్లు, సీడీలు, ఆపైన ఫోన్లు. నా మూత మీద శుభలేఖలు, కరెంటు బిల్లులు, మందుల చీటీలు పేరుకున్నాయి. లోపల రబ్బరు బెల్టు మెత్తబడి సాగిపోయింది.

మనవరాలు కాలేజీ సెలవులకు వచ్చి ఆ కాగితాలన్నీ కింద పడేసింది. బెల్టు తెప్పించింది, కొత్త ముల్లు వేయించింది. గోదావరి తేమకు రికార్డుల మీద తెల్లటి బూజు చుక్కలు పట్టి ఉంటే, డిస్టిల్డ్ వాటరులో సబ్బు చుక్క కలిపి మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచింది. విశ్వనాథంగారు ఉత్సాహంగా నాలుగైదు రికార్డులు తీశారు. మర్నాడూ అవే. ఆ మర్నాడూ అవే.

"తాతయ్యా, అలమర నిండా ఉన్నాయి కదా, ఎప్పుడూ ఆ నాలుగేనా?"

ఆ ప్రశ్న నేను ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నాను. ఎవరు ఏం విన్నారో నా ముల్లుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. శంకరాభరణం ఎల్పీలో మొదటి వైపు తొలి పాట దగ్గర ముల్లు దించిన గీతలు గజిబిజిగా ఉంటాయి. చిట్టిబాబు వీణలో 'కొమ్మలో కోయిల' ఉన్న గాడి అరిగి బూడిద రంగుకు తిరిగింది. అదే రికార్డు తిప్పి వేస్తే రెండో వైపు నల్లగా నిగనిగలాడుతుంది. దాన్ని కొన్నరోజు ఒకసారి విన్నట్టున్నారు, అంతే. చాలా ఎల్పీల కథ ఇదే. మనిషి రికార్డంతా కొంటాడు గాని ఒక పాటనే దాచుకుంటాడు.

చివరి పాటలకు ఇంకో అన్యాయం కూడా ఉంది. ఎల్పీ బయటి చుట్టు సుమారు 92 సెంటీమీటర్లు. లేబులు దగ్గర లోపలి చుట్టు అందులో సగం కూడా ఉండదు. ఏ చుట్టుకైనా నేను తీసుకునే సమయం 1.8 సెకన్లే. కాబట్టి మొదటి పాటకు విశాలంగా పరుచుకునే చోటు దొరుకుతుంది. చివరి పాట అంతే ధ్వనిని సగం జాగాలో ఇరికించుకోవాలి. స, శ, ష గరగరలాడతాయి. కచేరీ సంప్రదాయంలో తిల్లానా చివర వస్తుంది, అంటే తకధిమిలన్నీ నాకు ఇరుకు సందులో వస్తాయన్నమాట. నా ముల్లు అరిగిపోయి ఉంటే వినేవాడు గాయకుణ్నే అనుమానిస్తాడు.

మనవరాలి ప్రశ్నకు విశ్వనాథంగారు జవాబు చెప్పలేదు. పాత లాగ్ బుక్కు ఒకటి తీసి గళ్లు గీశారు. ముప్పై ఏళ్లకు పైగా రోస్టరు ప్రకారం పగలూ రాత్రీ పనిచేసిన మనిషికి ఇంకో ఉపాయం తోచదు. అలమరలో ఎడమ చివరి రికార్డు తీయాలి, రెండు వైపులా వినాలి, మధ్యలో చెయ్యి ఎత్తకూడదు, విన్నాక కుడి చివర పెట్టాలి. రోజుకొకటి, దీపాలు పెట్టాక. లాగ్ బుక్కులో తేదీ, పేరు, రిమార్కులు. "2వ వైపు, 3వ పాట: టిక్కు టిక్కు", "అట్ట చిరిగింది", "బాగుంది. ఇన్నాళ్లూ ఎందుకు వినలేదో." ఈ చివరి రిమార్కు చాలా పేజీల్లో కనిపిస్తుంది.

సావిత్రమ్మగారికి ఈ ఏర్పాటు మొదట్లోనే నచ్చలేదు. "ఏవండీ, ఆకలేసినప్పుడు తింటారు గాని రోస్టరు వేసుకుని తింటారా?" అన్నారు. నిజానికి ఆవిడ మాటలో న్యాయం ఉంది. మనసు బాగా లేని రోజున మనిషికి కావలసిన పాట ఒకటుంటుంది, అది వరుసలో రాదు.

మొదటి గొడవ సుప్రభాతంతో వచ్చింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన 1963 నాటి ఎల్పీ. వరుస ప్రకారం దాని వంతు సాయంత్రం పూట వచ్చింది. "దీపాలు పెట్టే వేళ స్వామిని నిద్ర లేపుతారా!" అని ఆవిడ అడ్డం నిలబడ్డారు. "వరుస వరుసే" అన్నారాయన. చివరికి మర్నాడు తెల్లవారుజామున వేసి, లాగ్ బుక్కులో "షిఫ్టు మార్పు" అని రాసుకున్నారు. అదే రోజు సాయంత్రం మామూలు రికార్డు. టీటీడీ వేయించిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలకు మాత్రం పేచీ రాలేదు. ఐదు సాయంత్రాలూ సావిత్రమ్మగారు పూజగది తలుపు తెరిచే ఉంచారు.

అసలు గొడవ ఘంటసాల భగవద్గీత.

1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక విడుదలైన రికార్డు అది. మా ప్రాంతంలో దాని గతి మీకు తెలిసిందే. ఎవరింట్లోనైనా మనిషి పోతే మైకు కట్టి పెట్టేది అదే, వైకుంఠ రథం మీద నుంచి వినిపించేదీ అదే. ఏ వీధి మొదట్లో ఆ గొంతు వినబడినా "అయ్యో, ఎవరో?" అని అరుగుల మీదికి వస్తారు. అందుకే మా ఇంట్లో ఆ అట్ట ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. వంతు వచ్చిందని విశ్వనాథంగారు తీస్తుంటే సావిత్రమ్మగారు, "బతికున్న ఇంట్లో ఏమిటండీ ఆ పని!" అన్నారు. ఆయన వినలేదు. ముల్లు దించారు.

మొదటి వైపు సగం కాకుండానే పక్కింటి వరలక్ష్మిగారు కొంగు బిగించి పరుగున వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "అక్కయ్యగారూ, అన్నయ్యగారికి..." అని మాట మింగేశారు. అన్నయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని పకోడీలు తింటున్నారు.

మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. వరలక్ష్మిగారు కోపంతో కాసేపు, నవ్వుతో కాసేపు ఊగి, వచ్చినందుకు కూర్చున్నారు. పకోడీల పళ్లెం పక్కకు జరిగింది. గీత వింటూ తినకూడదని ఆడవాళ్లిద్దరూ తీర్పు ఇచ్చారు. రెండో వైపు కూడా అయ్యేదాకా ఎవరూ లేవలేదు. శ్లోకాలకు రాగాలు మార్చుకుంటూ, ఆ వెంటే తాత్పర్యం తెలుగులో చెప్పుకుంటూ ఆయన నడిపిన తీరు వాళ్లు అంతకుముందు విన్నట్టు లేరు. "ఎన్నిసార్లు విన్నానో! ఎప్పుడూ ఏడుపుల మధ్యేగా. మాట సరిగా చెవిన పడిందే లేదు" అన్నారు వరలక్ష్మిగారు వెళ్తూ. నాకైతే ఆశ్చర్యం లేదు. ఆ రికార్డు గాడిలో అరుగుదల అన్నదే లేదు. మొత్తం ఊరు దాన్ని విన్నది మైకుల్లో, టేపుల్లో.

మొత్తం వరుసలో నాకు తలనొప్పి తెచ్చినవి చిన్న ఈపీలే. 45 వేగానికి మార్చాలి, ఆరేడు నిమిషాలకు ఒక వైపు అయిపోతుంది, పెద్దాయన మోకాళ్లు పట్టుకుని లేవాలి. తాతల నాటి 78లు అలమర పైన కట్టగట్టి ఉన్నాయి. వాటి గాడి వెడల్పు, నా ముల్లు అందులో అడుగుకు జారిపోయి రొద తప్ప ఏమీ పలకదు. అవి రోస్టరులో లేవు.

ఇక బావమరిది వదిలేసిపోయిన షోలే మాటల రికార్డు. పాటలు కాదు, మాటలే. పాలిడోర్ వాళ్లు సినిమా సంభాషణల్ని రికార్డుగా వేస్తే జనం ఎగబడి కొన్నారు. దాని వంతు రాగానే విశ్వనాథంగారు మొహం చిట్లించారు గాని, నియమం ఆయనదే. హిందీ ముక్క రాని సావిత్రమ్మగారు గబ్బర్ సింగ్ గొంతుకు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత ఆవిడ దాన్ని మళ్లీ అడిగారు. వరుస తిరిగి రావాలంటే నెలలు ఆగాలి.

అప్పుడే ఈ ఇంట్లో ఎల్‌సీ పుట్టింది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్లో లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఆపరేటరు సరఫరా ఆపి, రాసి ఇస్తేనే పైకెక్కుతాడు. అదే పద్ధతిలో వారానికి ఒక ఎల్‌సీ సావిత్రమ్మగారికి దక్కింది. ఆ రోజు వరుస ఆగుతుంది, ఆవిడ కోరింది పాడాలి. ఎవరికిచ్చారు, ఎందుకు, ఎప్పుడు వెనక్కి తీసుకున్నారు అన్నది లాగ్ బుక్కులో ఎర్ర సిరాతో ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, ఆ ఎర్ర గీతలు లేకపోతే ఈ రోస్టరు నెల తిరక్కుండా మూలపడేది.

మొన్న మనవరాలు హైదరాబాదు నుంచి కొత్త ఎల్పీ తెచ్చింది. ఈ మధ్య మళ్లీ ముద్రిస్తున్నారట. బరువుగా, కొత్త అట్ట వాసనతో ఉంది. తాతయ్య కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్లి కుడి చివర పెట్టేశారు.

"తాతయ్యా! దాని వంతు వచ్చేసరికి సంక్రాంతి దాటిపోతుంది. నేను ఆదివారం వెళ్లిపోతున్నా!"

"కొత్తవాళ్లు వరుస చివర్నే నిలబడాలి."

"ఎల్‌సీ ఇవ్వవా మరి?"

"ఈ వారానిది మీ అమ్మమ్మ దగ్గరుంది. వెళ్లి అడుగు."

వంటింట్లోంచి అప్పుడే జవాబు వచ్చింది. "నేనివ్వను. నాకు గబ్బర్ కావాలి."